గిరి ప్రదక్షిణ చేసిన కాళ్ళు పీట మీంచి లేవలేదు

మా పెళ్ళిరోజుకి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. 2024 ఫిబ్రవరి. కథ అయిదు అధ్యాయాలూ పూర్తయ్యేసరికి గంటన్నర పైనే పీట మీద కూర్చున్నాను. హారతికి అందరూ లేచారు, మా వారు కూడా గోడ పట్టుకుని ఎలాగో లేచారు, నేను లేవబోతే లేవలేకపోయాను. తిమ్మిరి కాదు, తిమ్మిరైతే తెలుస్తుంది కదా. తొడల్లో అసలు సత్తువే లేనట్టు, అవి ఎవరి కాళ్ళో అన్నట్టు అనిపించింది. పక్కనే మండపానికి కట్టిన అరటి పిలక పట్టుకుని లేవబోయాను, అది మండపంతో సహా నా మీదికి ఒరిగింది. పంతులు గారు కలశాన్ని పట్టుకున్నారు, మా కోడలు నన్ను పట్టుకుంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎందుకంటే అంతకు ఏడు నెలల ముందే, 2023 ఆషాఢ పౌర్ణమికి, సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చాను. 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, కంచరపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం అన్నీ చుట్టి తెల్లారేసరికి మళ్ళీ కొండ కిందికి చేరాం. అరికాళ్ళకి బొబ్బలెక్కాయి గానీ ఎక్కడా చతికిలబడలేదు. పైగా పదేళ్ళుగా పొద్దున్నే బీచ్ రోడ్డులో గంట నడక. నావి ఇనపకాళ్ళు అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. మరి ఆ కాళ్ళు ఒక్క పీట మీంచి నన్ను లేపలేకపోవడమేంటి?

నేను లెక్కల టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి 2020లో రిటైరయ్యాను, ఇప్పుడు నాకు 65. సీతమ్మధారలో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఈ వయసులో బరువులెత్తుతున్నానని తెలిశాక కనపడిన ప్రతివాళ్ళూ ఆపి అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచీ చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆ రాత్రి పడుకుని వెనక్కి లెక్కేసుకుంటే హుద్‌హుద్ గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న తుపాను వచ్చి వెళ్ళాక రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు లేవు, కుళాయి లేదు. ట్యాంకరు వస్తే కిందికి దిగి రెండు చేతుల్లో రెండు బకెట్లతో నీళ్ళు రెండో అంతస్తుకి మోశాను, ఒక్కోసారి అయిదారు విడతలు. అప్పుడు నాకు 54. పదేళ్ళు తిరిగేసరికి నరసింహనగర్ రైతు బజారు నుంచి ఒక సంచీ కూరగాయలు తెచ్చుకుంటే మొదటి అంతస్తులో ఆగి సంచీ కింద పెట్టి చెయ్యి మార్చుకుంటున్నాను. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. రోజూ కొంచెం కొంచెం పోతుంటే మనం దానికి తగ్గట్టు సర్దుకుంటూ పోతాం. ముందు కింద కూర్చోవడం మానేస్తాం, తర్వాత కుర్చీ చేతుల మీద ఆనుకుని లేస్తాం, తర్వాత సోఫా కూడా ఎత్తుగా ఉన్నదే చూసుకుంటాం. పోయిన సంగతి మాత్రం తెలియదు.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు థైరాయిడ్, విటమిన్ డి, బి12, షుగరు అన్నీ చూపించారు, ఎందుకంటే కండరాల నీరసానికి ఇవి కూడా కారణం కావచ్చట. డి తక్కువగా ఉంది, దానికి మందు రాశారు. మూడు నెలల షుగరు సగటు 6.3, అంటే షుగరు జబ్బు గీతకి కొంచెం కిందే ఉన్నాను. ఎముకల సాంద్రత పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.1 వచ్చింది. మైనస్ 2.5కి దిగితే ఎముక గుల్లబారిన జబ్బు కింద లెక్క, కాబట్టి దాని గడప దాకా వచ్చానన్నమాట. "నేను రోజూ నడుస్తాను కదండీ" అన్నాను. "నడవండి, గుండెకి మంచిది, మానకండి. కానీ మీ సమస్యకి నడక మందు కాదు, బరువు పని చెయ్యాలి" అన్నారు. బీపీ మాత్ర ఒకటి వాడతాను, అది అదుపులోనే ఉంది కాబట్టి ఫర్వాలేదన్నారు.

ఇక్కడే తప్పులో కాలేశాను. బరువులంటే జిమ్మే కదా అని ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక జిమ్‌కి వెళ్ళి, డిస్కౌంట్ అంటే ఆశపడి ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టేశాను. లోపల పాటల హోరు. అక్కడి కుర్రాడు నా వయసు అడిగాడు, బీపీ సంగతి అడగలేదు, మోకాళ్ళ సంగతి అడగలేదు. "ఆంటీ, పొట్ట తగ్గిపోద్ది చూడండి" అని మొదలుపెట్టాడు. నాయనా, నాకు పొట్ట గొడవ కాదు, పీట గొడవ అని చెప్దామనుకున్నాను గానీ ఆ మోతలో ఏం వినపడుతుంది. మొదటి రోజే ఎనిమిది మెషీన్ల మీద తిప్పాడు, చివర్లో పైనుంచి కడ్డీ లాగి మెడ వెనక్కి తెమ్మన్నాడు, ఎడమ భుజంలో కలుక్కుమంది. రెండో రోజు తొడలు ఎంత పట్టేశాయంటే బాత్రూంలో కూర్చుని లేవడానికి మా వారిని పిలవాల్సి వచ్చింది. నలభై ఏళ్ళ కాపురంలో అదొక్కటీ బాకీ ఉంది, అదీ తీరింది. భుజం తగ్గడానికి అయిదు వారాలు పట్టింది. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. తప్పు జిమ్ములన్నిటిదీ కాదు, అడగకుండా కట్టిన నాది కూడా.

ఆ భుజం నొప్పే నన్ను సరైన చోటికి చేర్చింది. ద్వారకానగర్‌లో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే తలుపు తీస్తూనే "టీచర్!" అంది. మా స్కూల్లో చదివిన పిల్లే. నాకు మొహం గుర్తుంది, మార్కులు గుర్తు లేవు, అదే మంచిదైంది. భుజం చూసింది, తర్వాత అసలు కథంతా విని, చేతుల్లేని మామూలు కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసింది. చేతులు గుండెల మీద కట్టుకుని ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూద్దాం అంది. ఎనిమిది. అప్పటికి నాకు 64. అరవై నుంచి అరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళకి పన్నెండుకి తక్కువైతే, మగవాళ్ళకి పద్నాలుగుకి తక్కువైతే కాళ్ళలో సత్తువ తక్కువని లెక్కట. పిడికిలి బలం కొలిచే పరికరం చేతికిచ్చి గట్టిగా నొక్కమంది, 17 కిలోలు చూపించింది. మన ఆసియా వాళ్ళకి పెట్టుకున్న కొలత ప్రకారం ఆడవాళ్ళకి 18, మగవాళ్ళకి 28 కంటే తగ్గకూడదు. పిడికిలికీ పీటకీ సంబంధమేంటి అనుకున్నాను. పిడికిలి చూస్తే ఒళ్ళంతటి బలం అంచనాకి వస్తుందట, ఇండియాతో కలిపి 17 దేశాల్లో లక్షకి పైగా మందిని చూసి 2015లో వేసిన లెక్కలో పిడికిలి బలం అయిదు కిలోలు తగ్గితే చనిపోయే అవకాశం దాదాపు 16 శాతం ఎక్కువగా కనిపించిందట. పిడికిలి పిండితే ఆయుష్షు పెరుగుతుందని కాదు టీచర్, ఒళ్ళు ఎలా ఉందో అది చెప్తుంది అంతే, అని తనే మళ్ళీ అంది.

సార్కోపీనియా అనే మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. వయసుతో కండ తరిగిపోవడానికి పేరు. 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే ఆయన పెట్టిన పేరట, అంటే అప్పటిదాకా దీన్ని ఒక జబ్బుగా ఎవరూ అనుకోలేదు, ముసలితనం అంతే అనుకున్నారు, మన ఇళ్ళల్లో ఇప్పటికీ అదే అనుకుంటున్నాం. ముప్ఫై దాటాక పదేళ్ళకి మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ పోతుంది, అరవై దాటాక ఇంకా జోరుగా. అందులోనూ ముందు పోయేది ఒక్కసారిగా బలం తీసే రకం కండపోగులు. పీట మీంచి లేవాలన్నా, కాలు జారినప్పుడు టక్కున రెండో కాలు వేసి నిలదొక్కుకోవాలన్నా పనికొచ్చేవి అవే.

నా గిరి ప్రదక్షిణ చిక్కుముడి అక్కడ విడిపోయింది. 32 కిలోమీటర్లంటే నా అడుగుతో సుమారు యాభై వేల అడుగులు. కానీ ప్రతి అడుగుకీ తొడ వాడే బలం కొంచెమే, అదే కొంచెం యాభై వేలసార్లు. నేల మీంచి లేవడం ఒక్కసారే, కానీ ఆ ఒక్కసారికి ఒళ్ళు మొత్తం ఎత్తాలి. ఇది చదివే వాళ్ళలో సగం మంది "నేను రోజూ నడుస్తాను, నాకేం పర్లేదు" అనుకుంటుంటారు, నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే అనుకున్నాను.

ఆ పిల్ల ఒక్క మాట అంది. "టీచర్, రోజూ ఒకటో ఎక్కమే అప్పజెప్తే పదమూడో ఎక్కం వస్తుందా అని మమ్మల్ని అనేవారు కదా. నడక ఒకటో ఎక్కం." నా మాట నాకే తిరిగొచ్చింది.

ఏప్రిల్ నుంచి మూడు నెలలు ఇంట్లోనే. కుర్చీ మీంచి లేచి కూర్చోవడం, పదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. ముందు కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచుకుని మొదలుపెట్టాను, తర్వాత దిండు తీసేశాను, తర్వాత రెండు చేతుల్లో రెండు లీటరు సీసాలు. గోడకి చేతులు ఆనించి దండీలు, అవి తేలికయ్యాక వంటింటి గట్టుకి ఆనించి. కిటికీ ఊచకి రబ్బరు బ్యాండ్ కట్టి వెనక్కి లాగడం. మెట్టు మీద నిలబడి మడమలు ఎత్తడం. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, కుక్కర్ విజిల్ కోసం ఎలాగూ నిలబడాలి కదా, ఆ టైము దీనికి ఇచ్చేశాను. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. రోజూ చేస్తానంటే వద్దంది. కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, తర్వాత కోలుకునేటప్పుడు.

శ్వాస సంగతి మాత్రం గట్టిగా పట్టించింది. బరువెత్తేటప్పుడు మనకి తెలియకుండానే ఊపిరి బిగబడతాం, బీపీ ఉన్నవాళ్ళకి ఆ క్షణంలో అది బాగా పైకి లేస్తుంది. ఎత్తేటప్పుడు వేడి కాఫీ ఊదినట్టు నోటితో ఊదాలి, దించేటప్పుడు పీల్చాలి. పొద్దున బీపీ చూసుకుని పైది 180 గానీ కిందది 110 గానీ దాటితే ఆ రోజు సెలవు. నాకెప్పుడూ దాటలేదు. హెర్నియా ఉన్నవాళ్ళు, షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, ఈమధ్యే గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదని కూడా చెప్పింది. ఇది ఇక్కడ రాయకపోతే నన్ను తిడుతుంది.

నాలుగు వారాలకే కుర్చీ లెక్క ఎనిమిది నుంచి పదకొండు అయింది. అద్దంలో చూసుకుంటే తొడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కండ పెరగకుండా బలం ఎలా పెరిగిందీ అంటే, మొదటి వారాల్లో పెరిగేది నరాల పనితనం, ఉన్న కండనే మెదడు ఎక్కువగా పనిలో పెట్టడం నేర్చుకుంటుందట. కండ తర్వాత నెమ్మదిగా వస్తుంది. ఆలస్యంగా మొదలుపెట్టాననే దిగులు నాకు అక్కడితో పోయింది. ఇంకా మిగిలినదేమైనా ఉంటే బోస్టన్ ముసలాళ్ళ సంగతి తెలిశాక పోయింది. 1990లో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు అక్కడి వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఉన్నదే పది మంది, చిన్న ప్రయత్నం. కానీ చివరిదాకా చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళవాళ్ళకి! నాకు అప్పటికి ఇంకా పాతికేళ్ళు టైముంది.

జులైలో ఇసుకతోట దగ్గర ఒక చిన్న జిమ్‌లో చేరాను, ఆ పిల్ల పంపిన చోటే. ఈసారి నెల నెలా ఫీజు, నెలకి రెండున్నర వేలు, కోచ్‌తో కలిపి. కోచ్ గాజువాక కుర్రాడు, పోటీల్లో బరువులెత్తినవాడు, మాట తక్కువ. సోమ, గురువారాలు పదిన్నరకి వెళ్తాను, ఆ టైముకి ఉద్యోగస్తులెవరూ ఉండరు. మొదటి రోజు చీర కట్టుకునే వెళ్ళాను. "మామ్మగారూ, కుచ్చిళ్ళు కడ్డీకి తగులుకుంటాయండి" అన్నాడు పాపం నేల చూస్తూ. తర్వాత్నుంచి చుడీదార్. మా మామ్మని మామ్మ అని పిలిచిన నేను, బయటివాళ్ళ నోట నన్ను మామ్మ అనగా వినడం మొదటిసారి, కొంచెం గుచ్చుకుంది, రెండు వారాలకి అలవాటైపోయింది.

అతను నేర్పినవి అయిదే. ఎత్తుపీట మీదికి కూర్చుని లేచే స్క్వాట్, నేల మీంచి బరువెత్తే డెడ్‌లిఫ్ట్, తల పైకి డంబెల్స్ ఎత్తడం, కూర్చుని కేబుల్ లాగడం, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం. ఆఖరిది అచ్చం నా హుద్‌హుద్ బకెట్లే. ఒక్కోటి ఎనిమిది నుంచి పది సార్లు, ఇంకో రెండు చెయ్యగలను అనిపించేచోట ఆపెయ్యాలి. పదీ సునాయాసంగా అయిపోతే తర్వాతి వారం ఒక కిలోనో రెండున్నర కిలోలో పెంచాలి. అసలు కీలకం ఇదే. ఏడాది పాటు అవే రెండు కిలోల గులాబీ రంగు డంబెల్స్ ఊపుతూ కూర్చుంటే అది కూడా ఒకటో ఎక్కమే.

డెడ్‌లిఫ్ట్ అంటే నాకు భయం. నడుం పట్టేస్తుందని చిన్నప్పట్నుంచీ విన్న మాట. రెండు చెక్కల మీద ఎత్తుగా పెట్టిన 8 కిలోల కెటిల్‌బెల్‌తో, అంటే పిడి ఉన్న ఇనప గుండుతో, మొదలుపెట్టించాడు. నడుం వంచడం కాదు, తలుపుని పిరుదులతో వెనక్కి నెట్టినట్టు వెనక్కి జరగాలి, వీపు బల్లపరుపుగా ఉంచాలి, బరువు కాళ్ళకి ఆనుకునే పైకి రావాలి. ఇది ఒంటపట్టడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు 40 కిలోలు ఎత్తుతున్నాను. నా బరువు 58. ఈ సంఖ్య నోట్‌బుక్‌లో రాసుకున్న రోజు ఎర్ర ఇంకు వాడాను, టీచర్ బుద్ధి.

ఎముకల కోసం ఇదే ముఖ్యమని తర్వాత తెలిసింది. ఆస్ట్రేలియాలో నాలాగే ఎముక పల్చబడిన, ముట్లుడిగిన 101 మంది ఆడవాళ్ళ మీద ఎనిమిది నెలలు చూశారు. సగం మంది వారానికి రెండుసార్లు అరగంట చొప్పున బాగా బరువులెత్తారు, పక్కన నిపుణులు ఉండగా. మిగతావాళ్ళు ఇంట్లో తేలిక వ్యాయామాలు. ఎత్తినవాళ్ళకి నడుం దగ్గర ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంట్లో చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. ఎముక కూడా మొండిదే, గట్టిగా అడిగితే గానీ పలకదు.

ఇక జనం మాటలు. మా వదిన "ఈ వయసులో పుణ్యం చూసుకోవాలి గానీ కండలేంటమ్మా" అంది. కింది ఫ్లాట్ ఆవిడ గర్భసంచి జారిపోతుంది అంది. ఇది కొట్టిపారేసే మాట కాదు, ఇప్పటికే జారిన వాళ్ళు, ఆపరేషన్ అయిన వాళ్ళు ముందు లేడీ డాక్టర్‌కి చూపించుకోవాలి, ఊపిరి బిగబట్టి ముక్కుతూ ఎత్తకూడదు. అంతే గానీ ఆడవాళ్ళు ఎత్తకూడదనడం ఏంటి? ఆమదాలవలస నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మా స్టాఫ్ రూంలో మిఠాయి పంచింది నేనే. పంచి, చేతులు దులుపుకుని, ఆ బరువుల గోల మనకెందుకులే అనుకున్నాను. బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి గారి విగ్రహం పక్కనుంచి పదేళ్ళు నడిచాను, ఆయన ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవాడట అని మనవలకి కథ చెప్పాను, ఒక్కనాడు కూడా ఒక ఇటుక ఎత్తలేదు.

తిండి దగ్గర ఇంకో షాక్. రెండో నెలలో బరువులు పెరగడం ఆగిపోయింది, నీరసం. ఏం తింటున్నారో మూడు రోజులు రాయమంది ఫిజియో. పొద్దున ఇడ్లీ చట్నీ, మధ్యాహ్నం అన్నం పప్పు కూర మజ్జిగ, సాయంత్రం టీ జంతికలు, రాత్రి ఉప్మానో దోసెనో. లెక్కేస్తే రోజుకి ప్రోటీన్ నలభై గ్రాములు కూడా లేదు. పెద్దవయసు వాళ్ళకి కిలో బరువుకి ఒక గ్రాము నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే నాకు 58 నుంచి 70. వయసు పెరిగేకొద్దీ అరుగుదల తగ్గుతుందని మనం తగ్గించుకుంటూ పోతాం, ఒంటికి కావాల్సింది మాత్రం పెరుగుతుంది. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు అంటే 12 గ్రాములు, మధ్యాహ్నం మజ్జిగ బదులు గట్టి పెరుగు, టీతో జంతికల బదులు గుగ్గిళ్ళు, వారానికి మూడుసార్లు చేప. వైజాగ్‌లో ఉండి చేపకి కరువేంటి, కానాగంతలు చవక, మంచివి. కార్తీకమాసంలో నీచు తినను, అప్పుడు ఉలవచారు, సోయా, పనీరు. పౌడర్లు కొనలేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం ఇవన్నీ డాక్టర్ని అడిగే పెంచుకోవాలి.

మధ్యలో ఆగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. వైరల్ జ్వరం వచ్చి మూడు వారాలు, కోడలి పురిటికి హైదరాబాద్ వెళ్ళి నెలన్నర. తిరిగొచ్చాక 30 ఎత్తే చోట 22 కూడా బరువనిపించింది, ఏడుపొచ్చింది. కోచ్ మాత్రం "ఏటవదు మామ్మగారూ, పాత బాకీ తొందరగా వసూలవుద్ది" అన్నాడు. నిజంగానే నెలలో వసూలైంది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి జిమ్ మూసేస్తే ఇంట్లోనే పది కిలోల బియ్యం బస్తా గుండెలకి హత్తుకుని కుర్చీ మీంచి లేచాను. ఎందుకైనా మంచిదని ముందు రోజు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు తెప్పించాం, కుర్రాడు గేటు దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్కోటి ఒక్కో విడతగా నేనే పైకి తెచ్చాను, ఎక్కడా ఆగలేదు. తెచ్చాక కాసేపు వాటివంకే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు లెక్కలు. కుర్చీ 8 నుంచి 15. పిడికిలి 17 నుంచి 22.5. ఒంటికాలి మీద 4 సెకన్ల నుంచి 20. షుగరు సగటు 6.3 నుంచి 5.9. తిన్న చక్కెరలో చాలా భాగం కండలోకి వెళ్తుంది కాబట్టి కండ పని చేస్తే షుగరు తగ్గడంలో వింత లేదు, కాకపోతే నేను జంతికలు కూడా మానేశాను, ఎవరి వంతు ఎంతో చెప్పలేను. టీ స్కోరు మైనస్ 2.1 నుంచి మైనస్ 2.0. ఆ పాయింటు ఒకటి మెషీన్ తేడా కూడా కావచ్చమ్మా, దిగకపోవడమే గొప్ప అన్నారు డాక్టర్ గారు. ఈ వర్షాల్లో రైతు బజారులో కొత్తిమీర కాడల మీద కాలు జారింది, రెండో కాలు ఎప్పుడు వేశానో నాకే తెలియదు, నిలబడిపోయాను. పాతరోజుల్లో అయితే పడేదాన్నా అంటే ఏమో, కానీ నేను పడేదాన్ననే అనుకుంటున్నాను.

మారనివి కూడా చెప్పాలి. ఒంటి బరువు ఒక్క గ్రాము తగ్గలేదు, అర కిలో పెరిగింది. సన్నబడటానికి చేసేవాళ్ళు నిరాశపడతారు. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు కటకటమంటూనే ఉన్నాయి, నొప్పి తగ్గింది గానీ చప్పుడు తగ్గలేదు. ఎడమ భుజం ఇప్పటికీ చలికాలంలో ఆ మొదటి జిమ్‌ని గుర్తు చేస్తుంది. జాకెట్లు చేతుల దగ్గర బిగుతై రెండు మళ్ళీ కుట్టించాల్సి వచ్చింది, టైలరు "ఒళ్ళు చేశారా అమ్మా" అన్నాడు, కండ అని చెప్తే నమ్మలేదు. నడక మానలేదు, వారానికి అయిదు రోజులు బీచ్ రోడ్డుకి వెళ్తూనే ఉన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా రెండూ కావాలనే: వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది, కనీసం రెండు రోజులు బరువు పని, మన వయసువాళ్ళకి అదనంగా వారానికి మూడు రోజులు నిలకడ కోసం చేసేవి.

ఈ ఏడాది వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చుని, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని లేచాను. చెయ్యి అసలు వెయ్యకుండా ఇంకా రావట్లేదు. అరటి పిలక జోలికి వెళ్ళలేదు, కానీ పంతులు గారు ముందుజాగ్రత్తగా కలశం మీద ఒక చెయ్యి వేసి ఉంచడం నేను చూశాను.

మా వారికి 69. ఏడాదిన్నరగా నన్ను "పహిల్వాన్ గారూ" అని పిలుస్తూ పేపర్ చదువుకుంటున్న మనిషి, పోయినవారం ఎవరూ లేనప్పుడు చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి, ఆ ముప్ఫై సెకన్లది ఎలా చెయ్యాలి అని అడిగారు. ఫోన్‌లో టైమర్ పెట్టాను. ఆయన వయసుకి పన్నెండు రావాలి. తొమ్మిది అన్నారు ఆయాసపడుతూ. తొమ్మిదోసారి సగమే లేచారు, నోట్‌బుక్‌లో ఎనిమిది అని రాశాను. సగానికి పైన లేస్తే ఒకటిగా లెక్కెయ్యాలని ఆయన, సగానికి పైకి రాలేదని నేను, ఆ గొడవ ఇంకా తేలలేదు.